ఆఖరి కడుగు నీళ్ళు

పని అంటే

థియేటర్ నర్సు అంటే డాక్టరు చెయ్యి చాపగానే కత్తెర అందించే మనిషి అని బయటివాళ్ళు అనుకుంటారు. నర్సింగ్ స్కూల్లో ఉన్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ముప్పై ఏళ్ళు చేసి ఇంటికొచ్చాక చెబుతున్నాను, మన పనిలో ముప్పాతిక వంతు కడుగుడే. కడగడం, నానబెట్టడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, మూటకట్టి సర్దడం. ఆపరేషన్ బాగా జరిగితే డాక్టరు గారి హస్తవాసి మంచిదంటారు. కడుగుడు బాగా జరిగితే ఎవరూ ఏమీ అనరు. ఎందుకంటే అప్పుడు ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే మన పనికి ఫలితం. కొత్తగా చేరే మీలాంటి అమ్మాయిలకు ఈ మాట రుచించదు. నాకూ రుచించేది కాదు.

నాది బొబ్బిలి దగ్గర పల్లె. మా నాన్న మిషన్ బడిలో మాస్టారు. ఉద్యోగం కొండల్లో అని తెలియగానే మా అమ్మ, అక్కడ మలేరియాతో చచ్చిపోతానని రెండు రోజులు అన్నం తినలేదు. రెండేళ్ళు చేసి కిందికి దిగిపోదామనుకుని అరకులోయకు ఒక కొండ అవతలున్న ఆసుపత్రిలో చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయాను. ఆ ఆసుపత్రి పేరు రాయను. ఇప్పుడు అక్కడ పనిచేసేవాళ్ళకు ఈ సంగతితో సంబంధం లేదు. మనుషుల పేర్లు మార్చాను. నా తప్పు మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ప్రమోషన్లు, ఇన్‌స్పెక్షన్లు, సర్వీసు పుస్తకంలో ఎక్కిన మంచిమాటలు మీకు పనికిరావు కాబట్టి వదిలేస్తున్నాను. ఇది పనికొస్తుంది.

డాక్టరు గారు

తొంభైల చివర్లో మా సర్జన్ డాక్టర్ పట్నాయక్ గారు. ఆయన్ని గురించి ముందు మంచి చెప్పాలి, ఎందుకంటే తర్వాత రాసేది చదివితే మీకు కోపం వస్తుంది. మైదానంలో నర్సింగ్ హోమ్ పెట్టుకుని హాయిగా ఉండగలిగిన మనిషి, కొండమీద తొమ్మిదేళ్ళు ఉన్నారు. హెర్నియా ఆపరేషన్ చేసిన ఒక ముసలాయన కుట్లు విప్పించుకోవడానికి రాకపోతే, బూట్లు చేత్తో పట్టుకుని వాగు దాటి ఆయన ఊరికే వెళ్ళి విప్పి వచ్చారు. పేషెంటును ఎప్పుడూ కసురుకునేవారు కాదు.

ఆయనకు ఒకటే బలహీనత, వేగం. బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, గొట్టం లోపలికి పంపి, ఇక పిల్లలు పుట్టకుండా ఆడవాళ్ళకు చేసే ఆపరేషన్ ఆయన చేతిలో నిమిషాల పని. క్యాంపు రోజున ఎంతమందికి చేశారో సాయంత్రం టీ తాగుతూ చెప్పుకుని మురిసిపోయేవారు. నేనూ మురిసిపోయేదాన్ని. ఆయన వేగానికి తగ్గట్టు పరికరాలు అందించగల నర్సు ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అని ఆయన అంటే, వారం రోజులు ఆ మాటే తలుచుకునేదాన్ని. డాక్టరు వేగాన్ని ఆపాల్సింది నర్సే. నేను ఆపకపోగా ఆయనతో పాటు పరుగెత్తాను.

వానరోజు

మా దగ్గర ఆ గొట్టాలు రెండే ఉండేవి. వాటిని ఉడకబెడితే లోపలి అద్దాలు పాడైపోతాయి. అందుకని ఒక ఆపరేషన్‌కూ ఇంకోదానికీ మధ్య గ్లూటరాల్డిహైడ్ అనే ఘాటైన మందులో కనీసం ఇరవై నిమిషాలు నానబెట్టాలి. ఆ మందు ఒంటికి తగిలితే కాలుతుంది. కాబట్టి మందులోంచి తీశాక మరిగించి చల్లార్చిన నీళ్ళలో కడగాలి. ఆఖరి కడుగు అనేవాళ్ళం. ఆ కడుగు కాగానే గొట్టం నేరుగా మనిషి కడుపులోకి వెళుతుంది.

శ్రావణమాసంలో ఒక క్యాంపు. తెల్లవారకముందే వాన మొదలైంది. చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఆడవాళ్ళను రెండు జీపుల్లో తెచ్చారు. అందరూ ముందురోజు రాత్రినుంచి ఏమీ తినలేదు. వరండాలో గోనెసంచుల మీద కూర్చున్నారు, చంకల్లో పిల్లలు ఏడుస్తున్నారు. పది గంటలకు కరెంటు పోయింది. నీళ్ళు మరిగించే హీటరు ఆగిపోయింది. కిరసనాయిలు స్టవ్వు మీద పెట్టిన గిన్నె ఎంతకీ కాగదు. మధ్యాహ్నానికి మరిగించిన నీళ్ళ డ్రమ్ము అడుక్కి వచ్చింది.

జీపు డ్రైవరు గుమ్మం దగ్గరికి వచ్చి కేకేశాడు. “సిస్టరమ్మా, బేగి కానియ్యండి. వాగు పొంగిందంటే ఈల్లని ఎనక్కి తీసుకెల్లలేను.”

లోపల డాక్టరు గారు చేతులు కడుక్కుని నిలబడి ఉన్నారు. నేను ట్రే పట్టుకుని వెళ్ళి కుళాయి తిప్పాను. నీళ్ళు తేటగానే వచ్చాయి. కొండనీళ్ళు, మేం రోజూ తాగే నీళ్ళే. ఆ ట్రేలో గొట్టం కడిగి అందించాను. తర్వాతిదీ అంతే, ఆ తర్వాతిదీ అంతే. మందులో ఇరవై నిమిషాలు నానాల్సింది ఐదారు నిమిషాలకే తీశాను. ఆపరేషన్లన్నీ చక్కగా అయ్యాయి. వాగు పొంగకముందే జీపులు వెళ్ళిపోయాయి. ఆ సాయంత్రం మాకు నిజంగా సంతోషంగా ఉంది. ఆకలితో ఉన్న మనుషుల్ని తిప్పి పంపకుండా పని పూర్తి చేశామనుకున్నాం. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. నేనేమీ బద్ధకంతో చెయ్యలేదు. జాలితో, తొందరతో చేశాను. క్రిములకు బద్ధకమైనా జాలైనా ఒకటే.

సొంబారి

ఐదు వారాల తర్వాత సొంబారి వచ్చింది. పాతికేళ్ళుంటాయి, ముగ్గురు పిల్లల తల్లి. వాళ్ళ ఊరు మాకు రెండు కొండల అవతల. భర్త రామన్న కాఫీ తోటలో పనికి వెళతాడు, తమ పొలంలో చోళ్ళు, సామలు వేసుకుంటారు. బొడ్డు కింద గాటు మానినట్టే మాని, దాని పక్కన రేగిపండంత గడ్డ లేచింది. నొక్కితే పల్చటి చీము వస్తోంది. జ్వరం లేదు.

“ఇంటికెళ్ళగానే వాగులో స్నానం చేసుంటావు” అన్నాను.

కొండవాళ్ళు కలెక్టరునైనా “నువ్వు” అనే పిలుస్తారు. అందులో అమర్యాదేమీ ఉండదు. ఆమె నా మొహంలోకి చూసి అంది. “నేదు సిస్టరమ్మా. నువ్వు సెప్పినట్టే సేసినాను. పది దినాలు నీల్లు తగలనియ్యలేదు. బట్ట ఇప్పలేదు. మరి ఇదేటి?”

నేను నమ్మలేదు. డాక్టరు గారు గడ్డ కోసి, శుభ్రం చేసి, మామూలు యాంటీబయాటిక్ ఇచ్చారు. శుభ్రంగా ఉండాలని రామన్నకు గట్టిగా చెప్పి పంపాను. పదిహేను రోజులకు మళ్ళీ వచ్చింది. ఒక గడ్డ రెండయింది. ఆ వారంలోనే బుద్రి అనే ఇంకో ఆమె వచ్చింది, ఆ తర్వాత మరో ఇద్దరు. అందరికీ అదే గడ్డ, అదే పల్చటి చీము. నలుగురూ ఆ వానరోజు క్యాంపులో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. నలుగురినీ తిట్టాను. ఒకే రోజు ఆపరేషన్ అయినవాళ్ళు నలుగురికీ ఒకే జబ్బు వస్తే, తప్పు నలుగురి ఇళ్ళలో ఉంటుందా, వాళ్ళు కలిసిన ఒకే ఒక్క చోట ఉంటుందా? ఈ ప్రశ్నకు చిన్నపిల్లలు కూడా జవాబు చెబుతారు. నేను చెప్పలేకపోయాను, చెప్పడం ఇష్టం లేక.

ఎర్ర పుల్లలు

సొంబారి మూడోసారి వచ్చినప్పుడు డాక్టరు గారు చీమును గాజు పలక మీద రాసి, టీబీకి వేసే రంగు వేయించారు. ల్యాబు గదిలోంచి నన్ను పిలిచి మైక్రోస్కోపులో చూడమన్నారు. నీలం నేల మీద సన్నటి ఎర్ర పుల్లలు. పుస్తకంలో టీబీ బొమ్మ ఎలా ఉంటుందో అలాగే ఉంది.

“కడుపులో టీబీ” అన్నారాయన. “ముందునుంచే ఉండుంటుంది. ఆపరేషన్‌తో బయటపడింది. మిగతావాళ్ళకూ పరీక్ష చెయ్యండి.”

మిగతావాళ్ళకూ ఎర్ర పుల్లలే. మా ప్రాంతంలో టీబీ ఎక్కువే కాబట్టి ఆ మాట మాకు ఊరటగా అనిపించింది. సిగ్గుపడాల్సిన మాటే గానీ నిజం. టీబీ అయితే తప్పు మాది కాదు.

సొంబారికి నాలుగు రకాల టీబీ మందులు మొదలుపెట్టాం. అప్పుడు నేను ఇంకో పని చేశాను. ఎవరూ అడగకుండానే రామన్నను పక్కకు పిలిచి, టీబీ అంటుకుంటుంది కాబట్టి చంటిదాన్ని కొన్నాళ్ళు తల్లికి దూరంగా ఉంచమన్నాను. పొట్టమీది పుండునుంచి పిల్లకు టీబీ అంటుకోదని నాకు తెలిసుండాలి. జాగ్రత్త చెప్పడం మంచిదే కదా అనుకున్నాను. రామన్న మరునాడే రెండేళ్ళ పిల్లను తీసుకెళ్ళి సొంబారి పుట్టింట్లో దిగబెట్టాడు. ఇంట్లో సొంబారికి గిన్నె వేరు, చాప వేరు అయ్యాయి. పొలం పనికి ఆమెను ఎవరూ కలుపుకోలేదు. ఊరి పూజారిని అక్కడ దిసారి అంటారు. ఆయన ఒక కోడిని కోసి, ఆపరేషన్ చేయించుకోవడమే తప్పని తేల్చాడట. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఆడవాళ్ళు పిల్లలకు టీకాలు వేయించడానికి కూడా బయటికి రాలేదు.

నాలుగు నెలలు ఆమె ఆ మందులు మింగింది. మందులకు ఒంటేలు ఎర్రగా వచ్చేది, తిన్నది ఇమిడేది కాదు. గడ్డలు మాత్రం తగ్గలేదు. ఒకటి మానితే పక్కన ఇంకోటి తెరుచుకునేది.

పశువుల డాక్టరు

మా క్వార్టర్స్‌లో పక్క ఇల్లు పశువుల డాక్టరు అప్పలసూరి గారిది. శ్రీకాకుళం మనిషి, నిమ్మళంగా మాట్లాడేవారు. ఒక శుక్రవారం అరకు సంతనుంచి వస్తూ వాళ్ళావిడ కూరగాయలు ఇచ్చి వెళుతుంటే, ఆయన కూడా వచ్చి మా గుమ్మం ముందు కూర్చున్నారు. మాటల్లో ఈ గడ్డల సంగతి చెప్పాను. టీబీ మందులకు లొంగడం లేదన్నాను.

ఆయన గడ్డలు ఎన్నాళ్ళకు లేచాయో అడిగి తెలుసుకున్నారు. తర్వాత అన్నారు. “నాకిలాటిదే తగిలింది సిస్టర్ గారూ, పశువుల్లో. పోయినేడు ఒక ఊళ్ళో గొంతువాపు టీకాలు వేసినాం. నెల తిరిగేసరికి పశువులకి మెడ మీద గడ్డలు. కోస్తే చీము, మానదు. నేనేటన్నానో తెల్సా? కాడి రాసుకుని పుళ్ళయ్యాయని రైతుల్ని తిట్టినాను. తీరా చూస్తే దున్ననివాటికి కూడా ఉన్నాయి గడ్డలు. ఆవుదూడకి కాడెక్కడిది?”

“మరి?”

“చీము పరీక్షకి పంపితే టీబీ క్రిమికి దాయాదులన్నారు. మట్టిలో ఉంటాయి, నీళ్ళలో ఉంటాయి, పైపుల్లో పాకుడులాగ పట్టుకునుంటాయి. మనం తాగినా, పశువు తాగినా చాలావరకు ఏటీ చెయ్యవు. సూదితోటో కత్తితోటో మనమే లోపలికి తీసుకెళ్ళి పెడితే మాత్రం అక్కడ కాపురం పెట్టేస్తాయి. రంగు వేసి చూస్తే అచ్చం టీబీలాగే ఎర్రగా కనబడతాయి, టీబీ మందులకి మాత్రం చావవు. ఆరోజు సూదులు ఉడకబెట్టడానికి పుల్లలు తడిసిపోయాయని మావాళ్ళు గెడ్డలో పారే నీళ్ళతో కడిగేసినారు. నేను చూసి కూడా ఊరుకున్నాను.” ఆగి, నా వంక చూడకుండానే అడిగారు. “మీ దగ్గర కడిగే నీళ్ళు ఎక్కడివి సిస్టర్ గారూ?”

నాకు వంటింట్లో పప్పు మాడుతున్న వాసన తెలుస్తూనే ఉంది, లేవలేకపోయాను. కుళాయి తిప్పిన నా చెయ్యి కళ్ళకు కట్టింది. “మరిగించినవే” అన్నాను.

ఆయన తలూపి వెళ్ళిపోయారు.

ఎందుకు అబద్ధమాడానని మీరు అడగొచ్చు. ఉద్యోగం పోతుందని కాదు. జిల్లాలో నాలాంటి నర్సు లేదన్న మాట పోతుందని. తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆదివారం చర్చికి వెళ్ళాను, పాటలు పాడాను, వచ్చేశాను. ఆ తొమ్మిది రోజులూ సొంబారి తనది కాని జబ్బుకు మందులు మింగుతూనే ఉంది. కుళాయి తిప్పింది ఒక్క క్షణం పని. ఈ తొమ్మిది రోజులు మాత్రం నేను రోజూ పొద్దున్నే లేచి మళ్ళీ కొత్తగా చేసిన తప్పు. ఇప్పటికీ నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

చెప్పడం

పదో రోజు సొంబారి కట్టు మార్పించుకోవడానికి వచ్చింది. కట్టు విప్పుతుంటే అడిగింది. “సిస్టరమ్మా, నాకు తగ్గదా? తగ్గకపోతే సెప్పీ. గుంటని మా అమ్మకాడే పెంచుకోమంటాను. ఊరికే ఎదురుసూస్తందేమో.”

గుంట అంటే పుట్టింట్లో ఉన్న ఆమె రెండేళ్ళ పిల్ల. ఆమె ఏడవలేదు. బజారు పని గురించి అడిగినంత మామూలుగా అడిగింది. కట్టు పూర్తిచేసి, నేరుగా డాక్టరు గారి గదికి వెళ్ళాను. కూర్చోకుండానే అంతా చెప్పేశాను. నీళ్ళు, ఐదు నిమిషాలు, అప్పలసూరి గారు, నా అబద్ధం.

ఆయన మొహం ఎర్రబడింది. “నాలుగు నెలలు! నాలుగు నెలలు నోరు మూసుకున్నారా మీరు?” అని అరిచారు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. అక్కడినుంచే అన్నారు. “ఆ ట్రే నేనూ చూశాను సిస్టర్. డ్రమ్ము ఖాళీ అయిందని నాకు తెలుసు. కొత్త నీళ్ళు ఎక్కడివని అడగలేదు. అడిగితే ఆగాల్సి వచ్చేది.”

ఆ రోజే చీము, పైకప్పు మీది ట్యాంకు నీళ్ళు, ట్రే కడిగిన నీళ్ళు సీసాల్లో పెట్టి, ఐసు డబ్బాలో సర్ది, కిరండోల్ పాసింజరు రైల్లో మా అటెండరు చేత విశాఖ పంపించాం. వారం తర్వాత అక్కడి ల్యాబు మేడమ్ ఫోన్ చేశారు. టీబీ క్రిమి పెరగడానికి వారాలు పడుతుంది, ఇది ఐదు రోజుల్లోనే పెరిగింది, టీబీ కాదు అన్నారు. చీములో ఉన్నదే ట్యాంకు నీళ్ళలోనూ ఉందన్నారు. ఏ మందులు పనిచేస్తాయో కూడా చెప్పారు. నెలల తరబడి ఇవ్వాలి, గడ్డలు పూర్తిగా కోసి తీసెయ్యాలి.

మందులు మొదలుపెట్టడానికి డాక్టరు గారు వెంటనే ఒప్పుకున్నారు. కారణం చెప్పడానికి ఒప్పుకోలేదు.

“మందు మార్చామని చెబుదాం. అంతకంటే వాళ్ళకు అనవసరం” అన్నారు. “నీళ్ళవల్ల అని తెలిస్తే కొండమీద ఒక్కరు కూడా ఆసుపత్రికి రారు. కాన్పు కష్టమైతే ఇంట్లోనే చచ్చిపోతారు. ఆలోచించండి.”

ఆ మాట తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు. నేను అన్నాను. “సార్, వాళ్ళు ఇప్పటికే రావడం లేదు. సొంబారి శుభ్రంగా ఉండదని మనం చెప్పింది ఊరంతా పాకింది. టీబీ అని చెప్పాం. పిల్లను దూరం పెట్టమని చెప్పింది నేను. ఇవన్నీ మనం చెప్పినవే. వీటిని వెనక్కి తీసుకోవాలంటే అసలు సంగతి చెప్పక తప్పదు.”

“మీరు వెళ్ళి చెప్పండి” అన్నారు.

మరునాడు పొద్దున్న నేను బయలుదేరేసరికి ఆయన జీపులో ముందు సీట్లో కూర్చుని ఉన్నారు.

సొంబారి ఊళ్ళో

జీపు ఆగేచోటునుంచి గంటసేపు నడక. ఊళ్ళో సొంబారి ఇంటి అరుగు మీద కూర్చున్నాం. రామన్న, అతని తల్లి, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు వచ్చారు. సొంబారి గుమ్మం పక్కన, అందరికీ కాస్త దూరంగా, అలవాటైపోయిన చోటులో కూర్చుంది.

నేను మొదలుపెడదామనుకున్నాను. డాక్టరు గారు చెయ్యెత్తి ఆపి ఆయనే మాట్లాడారు. “సొంబారికి వచ్చింది టీబీ కాదు. ఆమె శుభ్రంగా లేకపోవడం వల్ల వచ్చింది కాదు. ఆపరేషన్ చేసిన గొట్టం మేం సరిగా కడగలేదు. మరిగించని నీళ్ళతో కడిగాం. ఆ నీళ్ళలో పురుగు ఉంది. తప్పు మాది. నాది.”

“కుళాయి నీళ్ళు పట్టింది నేను” అన్నాను.

మామీద అరుస్తారనుకున్నాను. రామన్న తల్లి ముందుకు జరిగి అడిగింది. “అయితే టీబీ కాదా?”

“కాదమ్మా” అన్నాను.

“అంటుకోదా?”

“అంటుకోదు. అది ఒకరినుంచి ఒకరికి రాదు.”

“అయితే గుంటని తెచ్చుకోవచ్చా?”

తెచ్చుకోవచ్చని నేను అంటూండగానే రామన్న లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. డాక్టరు గారు అతనితో ఇంకా ఏదో చెప్పబోయారు. “బేగి ఎల్లొస్తాను బాబూ” అని, అరుగు దిగి, కొండదారి పట్టి వెళ్ళిపోయాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి భార్యను చూశాడు. “దీన్ని ఇన్నాల్లూ తిట్టినాను” అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

సొంబారి నావైపు తిరిగింది. “ఆ కులాయి నీల్లే కదా మాం వార్డులో తాగింది?” అని అడిగింది.

తాగితే ఏమీ కాదని, లోపల గాటులోకి వెళితేనే హాని అని అప్పలసూరి గారు చెప్పినట్టే చెప్పాను. ఆమె ఆలోచించింది. “అయితే నాను సెప్పినప్పుడు నువ్వు ఇనాల్సింది” అంది. “నీల్లు తగలనియ్యలేదని సెప్పినాను కదా.”

ఆమె అన్నది అంతే. ముప్పై ఏళ్ళలో నాకు మెమోలు వచ్చాయి, చీవాట్లు పడ్డాయి. ఈ ఒక్క మాట ముందు అవేవీ లెక్కలోకి రావు. పేషెంటు చెప్పింది నమ్మండి. కనీసం అబద్ధమని తేలేదాకా నమ్మండి. నేను చేసింది తలకిందులు. నిజమని తేలేదాకా నమ్మలేదు.

దిసారి కూడా వచ్చి విన్నాడు. మమ్మల్నేమీ అనలేదు. వెళ్ళేటప్పుడు డాక్టరు గారికి అల్లం వేసిన డికాషన్ తెప్పించి ఇచ్చాడు.

మందు కూడా ఊరికే రాలేదు

గడ్డలున్న వాళ్ళందర్నీ ఆసుపత్రిలో చేర్చుకున్నాం. ఆ క్యాంపు జాబితా పట్టుకుని ప్రతి ఊరికీ వెళితే, సిగ్గుతో ఇంట్లోనే దాచుకున్నవాళ్ళు ఇంకా కొందరు బయటపడ్డారు. ప్రతి ఊళ్ళోనూ అదే మాట చెప్పాం. ఒక ఊళ్ళో మమ్మల్ని తిట్టి పంపేశారు. మర్నాడు మళ్ళీ వెళ్ళాం.

డాక్టరు గారు ఒక్కో గడ్డనూ చుట్టూ ఉన్న కండతో సహా తీసేశారు. ఈసారి ఆయన చేతిలో వేగం లేదు. వారాల తరబడి ఇంజక్షన్లు, నెలల తరబడి మాత్రలు ఇచ్చాం. దాదాపు అందరికీ మానాయి. బుద్రికి మాత్రం ఆ ఇంజక్షన్ల వల్ల ఒక చెవి వినికిడి పోయింది. అలా జరగొచ్చని మాకు తెలుసు, ఆమెకు ముందే చెప్పాం కూడా. చెప్పినంత మాత్రాన పోయిన చెవి తిరిగి రాదు. ఆమె ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. దారిలో ఎదురుపడితే తల తిప్పుకునేది. ఆమెకు ఆ హక్కు ఉంది. అందరూ క్షమిస్తారని మీరు ఆశించకండి, అడగకండి కూడా.

సొంబారి వార్డులో ఉండగా చంటిపిల్ల కూడా తల్లితోనే ఉంది. మొదటి మూడు రోజులూ అది తల్లి దగ్గరికి రాలేదు, వెంట వచ్చిన అమ్మమ్మ కొంగు వదల్లేదు. నాలుగో రోజు నేను ఇంజక్షన్ ట్రేతో వెళితే, సొంబారి మంచం మీద కూర్చుని నవ్వుతోంది. “అంబలి తాగతంటే వచ్చి నా గిన్నెలో సెయ్యెట్టేసింది సిస్టరమ్మా” అంది. పిల్ల మొహం నిండా అంబలి. ఆ రోజు నేను ఇంజక్షన్ అరగంట ఆలస్యంగా ఇచ్చాను.

గీతల కాగితం

ఆ తర్వాత మా థియేటర్‌లో ఆఖరి కడుగు నీళ్ళు ఆవిరి యంత్రంలో పెట్టి తీసినవి తప్ప వాడలేదు. సీసా మూతి మీద ఒక బిళ్ళ కాగితం అంటించేవాళ్ళం. దానిమీద గీతలు మామూలుగా లేతగా ఉంటాయి. ఆవిరి వేడి సరిగా తగిలితేనే నల్లబడతాయి. గీతలు నల్లబడని సీసా థియేటర్ గడప దాటకూడదు. నీళ్ళు అయిపోతే ఆ రోజుకు ఆపరేషన్లు అయిపోయినట్టే. కొత్తగా వచ్చిన డాక్టర్లు కొందరు విసుక్కున్నారు. ఒకాయన నన్ను మొండిదాన్నన్నారు. అనుకోనిచ్చాను.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు, పట్నాయక్ గారు కిందికి వెళ్ళిపోయాక, ఒక క్యాంపు రోజు పొద్దున్న సొంబారి వచ్చింది. వెంట ఆమె తోటికోడలు. ఆపరేషన్‌కు పేరు రాయించారు. తోటికోడల్ని లోపలికి పిలవబోతే సొంబారి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఉండు. సిస్టరమ్మా, నీల్లు సూపించు.”

పక్కనున్న కొత్త నర్సు గతుక్కుమంది. “ఏమ్మా, థియేటర్ సామాను నీకు చూపించాలా?” అని గొంతు పెంచింది. నేను ఆమెను ఆగమని, లోపలికి వెళ్ళి సీసా తెచ్చి సొంబారి ముందు పట్టుకున్నాను. ముట్టుకోకూడదని చెప్పాను. ఈ గీతలు లేతగా ఉంటే కాగనట్టు, నల్లగా ఉంటే కాగినట్టు అని చెప్పి, పోల్చుకోవడానికి వాడని కాగితం ముక్క ఒకటి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె ఆ ముక్కను వెలుగులోకి తీసుకెళ్ళి చూసింది. తిరిగొచ్చి సీసా మూతి దగ్గరగా వంగి, ఒక్కో గీతనూ చూసింది. వెనక వరుసలో ఉన్న ఆడవాళ్ళు కూడా మెడలు చాపారు. కొత్త నర్సు గడియారం చూసుకుంటోంది. నేను తొందరపెట్టలేదు.

“నాకు అచ్చరాలు రావు” అంది సొంబారి చివరికి. “ఇది తెలుస్తాది.”

అప్పుడు తోటికోడలి చెయ్యి వదిలింది.